రెండో సూర్యుణ్ణి కనిపెట్టదలచినవారికి

గుడ్లవల్లేరులో కొత్త గ్రహం కనిపెట్టడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక ఫోను, దాని కెమెరా అద్దం మీద తుడవని వేలిముద్ర, పామర్రు వైపు వాలుతున్న పొద్దు, అమెరికాలో ఉన్న మేనమామ దగ్గర్నుంచి కౌతవరంలో ఉన్న వియ్యపురాలి దాకా అందరూ చేరిన ఒక వాట్సాప్ గ్రూపు. చాలు. టెలిస్కోపు అవసరం లేదు సరికదా, ఉంటే పని చెడుతుంది. ఊరు కూడా ఈ పనికి తగినదే. కొండా గుట్టా అడ్డం రావు. వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, వాటి వెనక నేలను తాకేదాకా కనబడే సూర్యుడు. మానమందిరాలు కట్టించిన రాజులకు కూడా పడమర ఇంత ఖాళీగా దొరికి ఉండదు.

ఇక్కణ్ణుంచో, గుడివాడ నుంచో, నాగాయలంక నుంచో అలాంటి ఫోటో ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. సూర్యుడు ఒక మూల, అతనికి ఎదురుమూల ఆకుపచ్చ చుక్క. "అన్నయ్యా, ఇదేం గ్రహం?" అని కింద ప్రశ్న. అది గ్రహం కాదమ్మా అంటే అవతలివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. కొందరు రెండ్రోజులు మాట్లాడరు. అందుకని జవాబు చెప్పే పని పక్కనబెట్టి, ఆ చుక్కను చివరిదాకా గ్రహంగానే నిలబెట్టుకోవడం ఎలాగో రాస్తున్నాను. శ్రద్ధగా పాటిస్తే ఎంతటి ఖగోళ శాస్త్రవేత్త వచ్చినా మీ గ్రహాన్ని మీ దగ్గర్నుంచి లాక్కోలేడు.

మొట్టమొదట సూర్యుణ్ణి ఫోటోలోకి తెచ్చుకోండి. అసలు సూర్యుడు లేకుండా కొసరు సూర్యుడు పుట్టడు. అలాగని నడిమధ్య పెట్టకండి. పెడితే పిల్ల వచ్చి తల్లి మీదే పడి కనబడకుండా పోతుంది. పై ఎడమ మూలకు జరపండి. కింద కుడి మూలన చుక్క వెలుస్తుంది.

ఎందుకు వెలుస్తుందో తెలుసుకోకపోవడమే మీకు మంచిది. అయినా పొరపాటున ఎవరైనా మీ ఎదుట చెబితే చెవులు మూసుకోవడానికి వీలుగా ఉంటుందని చెబుతున్నాను. ఫోను కెమెరాలో బయటికి కనబడేది ఒక్క అద్దమే గానీ, లోపల ఒకదాని వెనక ఒకటి ఐదారు కటకాలుంటాయి. అవి ఆరు అనుకుంటే ముఖాలు పన్నెండు. పూత లేని ప్రతి ముఖమూ తన మీద పడ్డ వెలుగులో నూటికి నాలుగు వంతులు వెనక్కి కొడుతుంది. వెనక్కి వెళ్ళింది ఇంకో ముఖానికి తగిలి మళ్ళీ ముందుకొస్తుంది. సెలూన్లో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చుంటే మీ తల ఒకదాని వెనక ఒకటి ఎన్నిసార్లు కనబడుతుందో చూశారుగా, అదే సంగతి. పన్నెండు ముఖాల్లో ఏ రెండింటి మధ్యనైనా ఈ బంతాట జరగొచ్చు. లెక్కేస్తే 66 జతలు. వాటిలో చాలా వాటి వెలుగు ఫోటో నిండా పలచగా పరుచుకుని పోతుంది. ఏ ఒకటో రెండో మాత్రం కుదురుగా ఒకచోట పడి, చిన్న గుండ్రటి బొమ్మ కడతాయి. మీ గ్రహం అదే.

ఈ జబ్బు తగ్గించడానికే కటకాల మీద పలచటి పూతలు వేస్తారు. 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో పనిచేసే అలెగ్జాండర్ స్మకులా దీనికి పేటెంటు తీసుకున్నాడు. నేటి పూతలు వెనక్కి కొట్టే వెలుగును నూటికి నాలుగు నుంచి అర వంతుకు, ఇంకా కిందికి దించుతాయి. కానీ అన్ని రంగుల్నీ సమానంగా ఆపలేవు. ఆపలేక వదిలేసిన రంగే మీ చుక్కకు అంటుతుంది. ఆకుపచ్చో, నీలమో, వంగపండు రంగో అందుకే. "సూర్యుడు పసుపు కదా, ఇది ఆకుపచ్చ, కాబట్టి ఇది వేరే గోళం" అని వాదించే సౌకర్యం మీకు ఈ పూతల వల్లే దక్కింది.

వెలుగు రెండుసార్లు వెనక్కి తగలాలి గనక, నూటికి అర వంతులో మళ్ళీ నూటికి అర వంతు అంటే అసలు వెలుగులో నలభై వేలో వంతు. "అంత తక్కువ వెలుగు కనబడుతుందా?" అని ఎవరైనా అడిగితే మీరు కూడా "కనబడదు కదా" అనేయండి. నిజానికి సూర్యుడు పున్నమి చంద్రుడి కంటే సుమారు నాలుగు లక్షల రెట్లు కాంతిమంతుడు. నలభై వేలో వంతు మిగిలినా పది పున్నముల పెట్టు. కొంత చెదిరిపోయినా ఇంకా బోలెడు ఉంటుంది.

ఈ నాలుగు లక్షల లెక్క ఎలా వచ్చిందంటే, చుక్కల వెలుగును కొలిచే మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టుకు వెలుగు రెండున్నర రెట్లు మారుతుంది. సూర్యుడికీ పున్నమి చంద్రుడికీ నడుమ పద్నాలుగు మెట్లు. ఆ మెట్ల లెక్క 1856లో కట్టినవాడు నార్మన్ పోగ్సన్. ఆ పోగ్సన్ మన బందరు వచ్చాడు. ఆయన సంగతి ముందు ముందు చెబుతాను. మీరు ఆయనలాగా మాత్రం చేయకూడదు.

స్కేలు విషయంలో జాగ్రత్త. ఫోటో మీద సూర్యుడి నుంచి సరిగ్గా ఫోటో మధ్యబిందువు మీదుగా ఒక గీత గీస్తే, కటకాల్లో పుట్టిన చుక్క సాధారణంగా ఆ గీత మీదే దొరుకుతుంది. ఫోన్లలో చాలాసార్లు మధ్యబిందువుకు అటు సూర్యుడు ఎంత దూరమో ఇటు చుక్క అంతే దూరం. ఆకాశంలో గ్రహాలకు మీ ఫోటో నడిబొడ్డు ఎక్కడో తెలియదు గదా! ఈ ఒక్క పరీక్షతో ఎన్ని గ్రహాలు రాలిపోయాయో లెక్కలేదు. అందుకని ఇంట్లో స్కేళ్ళు ఉంటే పిల్లల సంచుల్లో పెట్టి బడికి పంపేయండి. అంతకంటే గట్టి ఉపాయం, ఫోటోను కత్తిరించడం. కిందిపక్క చేను, పక్కన కరెంటు స్తంభం, మీ బావమరిది భుజం, అన్నీ కోసేస్తే అసలు మధ్యబిందువు ఎక్కడో బ్రహ్మకు కూడా అంతుపట్టదు. "అనవసరమైంది తీసేశాను మావయ్యా" అంటే ఎవరూ తప్పు పట్టరు.

రెండో ఫోటో తీయకండి. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను, రెండో ఫోటో తీయకండి. ఒక్క ఫోటో సాక్ష్యం, రెండు ఫోటోలు విచారణ. ఫోనును కాస్త పక్కకు తిప్పి ఇంకోటి తీశారనుకోండి, సూర్యుడు ఎడమకు జరిగితే మీ గ్రహం కుడికి పరుగెడుతుంది. తాటిచెట్టు పక్కనున్న శుక్రుడు ఫోను ఎటు తిప్పినా తాటిచెట్టు పక్కనే ఉంటాడు. మీ గ్రహం మాత్రం ఒక ఫోటోలో చెట్టు మీద, ఇంకోదాంట్లో రైలు పట్టాల మీద, మూడోదాంట్లో మీ మరదలి చీరకొంగు మీద. వీడియో తీస్తే ఇంకా ప్రమాదం. తీసే తీరాలనిపిస్తే, చుక్క కదలడాన్ని దాచకుండా, "చూడండి, అది మనల్ని గమనిస్తోంది, ఫోను తిప్పగానే తప్పించుకుంటోంది" అని వెనక నుంచి గొంతు వణికిస్తూ చెప్పండి. బలహీనతను బలంగా మార్చుకోవడం అంటే ఇదే.

సూర్యుణ్ణి దేంతోనూ కప్పకండి. కెమెరాకు సూర్యుడు కనబడకుండా ఒక కొబ్బరాకు అడ్డం వచ్చినా, స్తంభం అడ్డం వచ్చినా, పక్కింటి పిట్టగోడ చాటుకు మీరే జరిగినా సరే, కటకాల్లో బంతాట ఆగిపోతుంది. చుక్క మాయం. నిజమైన గ్రహమైతే సూర్యుణ్ణి కప్పాక ఇంకా బాగా కనబడాలి. సంపూర్ణ సూర్యగ్రహణాల్లో పట్టపగలు శుక్రుడు కనబడేది అందుకే, చంద్రుడు అడ్డం వస్తాడు గనక. కాబట్టి ఆరుబయట, నడిచేలో నిలబడి తీయండి. చెట్టు నీడ దరిదాపులకు వెళ్ళొద్దు.

ఇక్కడ ఒక్క మాట, ఇది వెటకారం కాదు. ఫోటో కోసమని సూర్యుణ్ణి కళ్ళతో నేరుగా చూడకండి. ఫోనులోంచి చూసేటప్పుడు చూపు పక్కకు జారి అసలు సూర్యుడి మీద పడుతుంది. బైనాక్యులర్స్ లోంచీ, టెలిస్కోపులోంచీ అయితే ఒక్క క్షణంలో కన్ను పోతుంది. కంటి వెనకపొర కాలేటప్పుడు నొప్పి తెలియదు. పిల్లలకు మరీ చెప్పండి. సరే, మళ్ళీ మన పనిలోకి.

గ్రహణం రోజు ఫోటోలు తీయడం మహా ప్రమాదం. పెద్దవాళ్ళు చెప్పినట్టు తలుపులు వేసుకుని లోపలే ఉండండి. కారణం వాళ్ళు చెప్పింది కాదు, నాది వేరే. 2022లో దీపావళి మర్నాడు, అక్టోబరు 25న, గ్రహణం పట్టిన సూర్యుడే మనకు అస్తమించాడు. ఆ సాయంత్రం ఫోన్లలో తీసిన చాలా ఫోటోల్లో సూర్యుడు మామూలుగానే తెల్లటి ముద్దగా ఉన్నాడు. వెలుగు మరీ ఎక్కువై కెమెరా కళ్ళు చెదిరి, అతనికి కొరికిన అంచు ఉందని కూడా తెలియలేదు. ఎదురుమూల ఉన్న ఆకుపచ్చ చుక్క మాత్రం వెలుగు తక్కువ గనక, కొరికిన అప్పడంలా చక్కగా, తలకిందులుగా కనబడింది. అంటే ఏమిటి? ఆ చుక్క సూర్యుడి బొమ్మేనని, దానికి వేరే ఊరూ పేరూ లేవని, సూర్యుడే సంతకం పెట్టి ఇచ్చినట్టు. అలాంటి ఫోటో మీ ఫోనులో ఉంటే ఇవాళే తీసేయండి.

అద్దం తుడవకండి. సాయంత్రం గుడివాడ బస్టాండులో మిరపకాయ బజ్జీ తిన్న వేలితో కెమెరాను ఒకసారి నిమిరితే చాలు, ప్రతి వీధిదీపానికీ తోక మొలుస్తుంది. ఆ తోక మీరు వేలు లాగిన దిక్కుకు అడ్డంగా సాగుతుంది. వేలు నిలువుగా రాసి ఉంటే తోక అడ్డంగా, అడ్డంగా రాసి ఉంటే నిలువుగా. కావలసిన తోకచుక్కను కావలసిన దిక్కులో తయారు చేసుకోవచ్చన్నమాట. ఒక్కటే చిక్కు. ఒక్క చుక్కకే తోక ఉంటే తోకచుక్క. చంద్రుడికీ, పోలేరమ్మ గుడి ముందు దీపానికీ, ఆటో హెడ్‌లైటుకూ అన్నిటికీ ఒకే వైపు తోకలుంటే ఫోను తుడుచుకోమంటారు. అందుకని ఆటోలు పోయేదాకా ఆగండి.

నిజం తోకచుక్కలకు ఇంత స్వేచ్ఛ లేదు. వాటి తోక సూర్యుడికి ఎదురు దిక్కుకే ఉండాలి. 2024లో త్సూచిన్షాన్–అట్లాస్ అనే తోకచుక్క వచ్చింది. సెప్టెంబరు 27న సూర్యుడి దగ్గరగా తిరిగి, అక్టోబరు 12న భూమికి దగ్గరగా వచ్చింది. మొదట తెల్లవారుజామున తూర్పున, తర్వాత సాయంత్రాలు పడమట కనబడింది. పొద్దు గుంకాక చూస్తే తోక పైకే. సూర్యుడు కింద ఉన్నాడు గనక పైకి తప్ప దానికి దారి లేదు. మీ తోకచుక్కకు తోక కిందికి వేలాడుతుంటే ఆ విషయం ఎవరూ గమనించకుండా చూసుకోవాలి.

ఇంట్లో పంచాంగం కూడా ప్రమాదకరమైన పుస్తకమే. మేకుకు తగిలించి ఉగాది దాటాక ఎవరూ తెరవరు గనక బతికిపోతున్నారు. ఏ గ్రహం ఏ రాశిలో ఉందో అందులో రాసే ఉంటుంది. ఆకాశంలో కొత్త చుక్క కనబడ్డ రోజు దాన్ని తెరిస్తే, "ఇది గురుడు గదే, వృషభంలో ఉన్నాడుగా" అని మీ నాయనమ్మ చెప్పేస్తుంది. అంతకంటే పెద్ద గండం మూఢం. శుక్రుడో గురుడో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో కనబడకుండా పోయిన రోజులే మూఢం. పెళ్ళిళ్ళు ఆపుకుని కూర్చునేది అందుకేగా. అంటే సూర్యుడి పక్కన ఉన్న గ్రహం మామూలు కంటికి కనబడదని కల్యాణమండపాల వాళ్ళకు సైతం తెలుసు. శుక్రుడంతటివాడికే దక్కని యోగం మీ చుక్కకు దక్కింది. ఎవరైనా అడిగితే, "ఇది శుక్రుడి కంటే గొప్పది" అనండి. "మరి ఫోను లేనివాళ్ళకు కనబడలేదేం?" అంటే, ఛార్జింగు అయిపోతోందని చెప్పి లేచిపోండి.

పేరు పెట్టే పని ఎలాగూ మీకు లేదు. పేరు తయారుగా ఉంది: నిబిరు. 1976లో జెకరయా సిచిన్ అనే రచయిత తన పుస్తకంలో, పన్నెండో గ్రహం ఒకటుందని, మెసొపొటేమియా వాళ్ళకు అది తెలుసునని రాశాడు. తర్వాత అమెరికాలో నాన్సీ లీడర్ అనే ఆవిడ, అది 2003లో వచ్చి భూమిని తాకుతుందన్నారు. రాలేదు. 2012కి మార్చారు. ఆ ఏడాది డిసెంబరు 21న యుగాంతం అని మన టీవీల్లో ఎంత హడావుడి చేశారో గుర్తుండే ఉంటుంది. రాలేదు. 2017 సెప్టెంబరు 23 అని ఇంకొకాయన ముహూర్తం పెట్టాడు. అప్పుడూ రాలేదు. గ్రహం రాకపోయినా ఫోటోలు మాత్రం వస్తూనే ఉన్నాయి, అన్నిట్లోనూ సూర్యుడికి ఎదురుమూలనే. నిజంగా భూమి మీదకు దూసుకొచ్చే గ్రహమైతే దాన్ని దాచడం నాసాకు సాధ్యమా అన్న ఆలోచన రానివ్వకండి. తెల్లవారుజామున వేగుచుక్కనూ పిల్లలకోడినీ చూసి పొద్దు లెక్కగట్టిన దివిసీమ పల్లెకారుల కంటపడకుండా ఒక గ్రహాన్ని ఏ సంస్థ దాచగలదు?

ఇక పోగ్సన్ దగ్గరికి వద్దాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి మన కృష్ణా గుంటూరు సీమల మీదుగా పోయింది. మద్రాసు వేధశాల ప్రభుత్వ ఖగోళజ్ఞుడు పోగ్సన్ తన బృందంతో బందరులో, అంటే మచిలీపట్నంలో, విడిది చేశాడు. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ ఒకవైపు, ఇంగ్లీషు వాళ్ళ తరఫున టెనెంట్ మరోవైపు. పోగ్సన్ కింద పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో. ఒక్క రోజున తెలుగునేల మీద ఇంతమంది ఆకాశం వైపు చూశారు. గ్రహణం నడిమిన సూర్యుడి అంచున ఎగిసిన మంటల వెలుగును రంగులుగా విడగొడితే పసుపు రంగు దగ్గర ఒక గీత కనబడింది. దాన్ని గమనించినవాళ్ళలో పోగ్సన్ ఒకడు.

మీరైతే ఏం చేసేవాళ్ళు? సాయంత్రానికల్లా గ్రూపులో పెట్టేసేవాళ్ళు. వాళ్ళు చేసిందేమిటంటే, అనుమానించడం. మామూలు ఉప్పులో ఉండే సోడియం కూడా పసుపు గీతలే ఇస్తుంది. ఇది అదేనా? దానికి కాస్త పక్కగా ఉందా? మన పరికరం తేడానా? జాన్సెన్ మర్నాడు గ్రహణం లేకుండానే సూర్యుడి అంచును అదే పరికరంతో మళ్ళీ చూశాడు. చూడండి, రెండో ఫోటో తీసే దురలవాటు అప్పటికే ఉంది. అక్టోబరు 20న ఇంగ్లండులో లాక్యర్, గుంటూరు సంగతి తెలియకుండానే, తన పరికరంతో తాను చూశాడు. ఇద్దరి వార్తలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. వేరే మనిషి, వేరే ఊరు, వేరే కటకం. అయినా గీత అక్కడే ఉంది. కటకంలో పుట్టినదైతే ఉండేది కాదు. ఆ గీతనిచ్చే కొత్త పదార్థానికి హీలియం అని పేరుపెట్టాక కూడా చాలామంది ఒప్పుకోలేదు. 1895లో రామ్సే ఒక ఖనిజంలోంచి ఆ వాయువును బయటికి తీసేదాకా, 27 ఏళ్ళు, పంచాయతీ నడిచింది. ఇంత ఓపిక మీకెందుకు?

పోగ్సన్ కథ అక్కడితో అయిపోలేదు. 1872 చివర్లో జర్మనీ నుంచి క్లింకర్‌ఫ్యూస్ ఆయనకు తంతి పంపాడు: బీలా తోకచుక్క భూమికి తగులుతూ పోయింది, దక్షిణాన ఫలానా చుక్క దగ్గర వెతుకు అని. మద్రాసులో మబ్బులు. డిసెంబరు తొలిరోజుల్లో మబ్బు విడిచిన సందులో చూస్తే నిజంగానే ఒక తోకచుక్క కనబడింది. మర్నాడూ కనబడింది. తర్వాత మళ్ళీ మబ్బు. అంతే. ప్రపంచంలో మరెవరూ దాన్ని చూడలేదు. దారి లెక్కగట్టాలంటే కనీసం మూడు రోజుల చూపులు కావాలి, ఆయన దగ్గర రెండే ఉన్నాయి. అది బీలాయేనో, ఇంకోటో ఇప్పటికీ తేలలేదు. తోకచుక్కల పట్టీలో ఈనాటికీ అది దారి తెలియనిదిగానే ఉంది. వెలుగును కొలిచే మెట్లు కట్టినవాడికి ఒక రోజు చూపు తక్కువైతే ఒప్పుకోని శాస్త్రం, ఒక్క ఫోటోకు ఒప్పుకుంటుందని మీరు అనుకోవడం ముచ్చటేస్తుంది.

హైదరాబాదు వాళ్ళు ఇంకా అన్యాయం. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశపటం పథకంలో మన నిజామియా వేధశాల కూడా చేరి, ఏడు లక్షల పైచిలుకు నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఆ పథకం పటాల కోసం తీసే ఫోటోల్లో ఒకే గాజు పలక మీద మూడుసార్లు, ప్రతిసారీ రవ్వంత జరిపి, వెలుగు పట్టించే పద్ధతి పెట్టారు. నిజం చుక్కైతే మూడు చుక్కల ముక్కోణంగా పడుతుంది. దుమ్మూ, పలక మీద మచ్చా ఒంటరిగా ఉండిపోతాయి. ఒక్క నక్షత్రాన్ని నమ్మడానికి మూడు సంతకాలు! ఆ వేధశాల ఆవరణలో తండ్రి ఉద్యోగం చేస్తుంటే పెరిగిన వైను బప్పు 1949లో హార్వర్డ్‌లో తీసిన పలక మీద తోకచుక్కను పట్టుకున్నాడు. దాని పేరు బప్పు–బోక్–న్యూకిర్క్. మూడు పేర్లు. ఒక్కడిదే పేరుంటే ఎంత బాగుండేదో కదా అని మీకు అనిపిస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

రాత్రిపూట పనిచేయదలచినవారికి కూడా బోలెడు అవకాశాలు. చంద్రుణ్ణి మూలకు పెట్టి తీస్తే ఎదురుమూల నీలిరంగు బిళ్ళ. రొయ్యల చెరువు గట్టు మీద లైట్ల వరుస ఉంటే ఆకాశంలో తలకిందులుగా అదే వరుస, ఎగిరే పళ్ళేనికి కిటికీలు పెట్టినట్టు. బొమ్మలో కింద ఎన్ని దీపాలున్నాయో లెక్కపెట్టి, పైన ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టే మనుషులుంటారు. వాళ్ళను గ్రూపులోంచి తీసేయండి. శ్రీహరికోట మనకు సుమారు మూడొందల కిలోమీటర్లే. రాకెట్టు లేచిన సాయంత్రం మంగినపూడి తీరాన దక్షిణం వైపు చూస్తే వెలుగు గీత కనబడవచ్చు. ఇది నిజమైనదే గానీ ఇస్రో వాళ్ళు ముందే టైము ప్రకటిస్తారు, ఆ ప్రకటన చదవకపోతే మీ ఆశ్చర్యం మీది.

దొరికిపోతే కుంగిపోకండి. లడఖ్ సరిహద్దులో మన సైనికులు ఆరు నెలలపాటు చైనా వాళ్ళ గూఢచారి యంత్రాలని కాపుగాసింది గురుడికీ శుక్రుడికీ అని బెంగుళూరు ఖగోళ సంస్థ వాళ్ళు తేల్చినట్టు 2013లో పత్రికల్లో వచ్చింది. అక్కడ కటకం తప్పు లేదు, చూసినవి నిజంగా ఆకాశంలో ఉన్నవే. వాళ్ళు రోజూ టైమూ దిక్కూ రాసిపెట్టారు గనకే తేల్చగలిగారు. నీతి ఏమిటంటే, టైమూ దిక్కూ రాయకండి. ఫోటో అసలు ఫైలును ఉన్నదున్నట్టు పంపితే తీసిన వేళ అందులో దాగి ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని మళ్ళీ స్క్రీన్‌షాట్ తీసి పంపండి. లేకపోతే ఏ ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడో ఆకాశాన్ని చూపే స్టెల్లేరియం యాప్ తెరిచి, "బాబాయ్, ఆ టైముకి అక్కడ ఏమీ లేదు" అంటాడు.

గుర్తుంచుకోవాల్సిన చిక్కు కేసులు రెండు. బందరు రైల్లో ఏసీ బోగీ కిటికీకి రెండు అద్దాలుంటాయి. వాటి మధ్య పుట్టే రెండో సూర్యుడు అసలు సూర్యుడి పక్కనే కూర్చుంటాడు గానీ ఫోటో మధ్యబిందువు లెక్కకు లొంగడు. స్కేలు పట్టుకొచ్చినవాణ్ణి ఓడించాలంటే ఇదే మంచి చోటు. తలుపు దగ్గరికెళ్ళి తీయమని మాత్రం అడగనివ్వకండి. రెండోది వరదగుడి. సూర్యుడి చుట్టూ, చంద్రుడి చుట్టూ పెద్ద వలయం కడుతుందే, అది కటకంలో పుట్టినది కాదు, గ్రహమూ కాదు. చాలా ఎత్తున పలచటి మబ్బులో మంచు పలుకులు వెలుగును వంచడం వల్ల సుమారు 22 డిగ్రీల దూరాన కడుతుంది. చెయ్యి చాచి వేళ్ళు బాగా విప్పితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు రమారమి అంత. ఒక్కోసారి దానికి రెండు పక్కలా వెలుగు ముద్దలు కూడా మెరుస్తాయి, అచ్చం పిల్ల సూర్యుళ్ళలాగే. అరచేత్తో సూర్యుణ్ణి కప్పినా అవి పోవు. ఊళ్ళో పదిమందికీ కనబడతాయి. మన పెద్దవాళ్ళు దాన్ని చూసి యుగాంతం అనలేదు. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అని చెప్పుకుని, కళ్ళంలో ధాన్యం కప్పుకున్నారు. వాళ్ళ దగ్గర ఫోన్లు లేకపోవడం వల్ల ఎంత ప్రచారం పోగొట్టుకున్నారో!

ఇన్ని చెప్పినా కొందరికి చెయ్యి ఊరుకోదు. సూర్యుణ్ణి గోడ చాటుకు పెడతారు, అద్దం పంచెతో తుడుస్తారు, ఫోను అటూ ఇటూ తిప్పి నాలుగు ఫోటోలు తీస్తారు, పక్కింటాయన ఫోనులో కూడా తీయిస్తారు, వేళా దిక్కూ చీటీ మీద రాస్తారు. ఇంత పాడుచేసుకున్నాక కూడా ఆ చుక్క చెట్టు పక్కనే నిలబడి ఉంటే, దయచేసి గ్రూపులో పెట్టకుండా, కత్తిరించని ఫోటోలన్నీ ఆ చీటీతో సహా నాకు పంపండి. రాత్రి ఎంతైనా సరే చూస్తాను. ఒక్క ఫోటో పంపినవాళ్ళకు జవాబు రాదు.